పిడి లేని చెంచా

కారు కొన్నవాడికి ముందు పాట కావాలనిపిస్తుంది. మైలేజీ సంగతి ఆ తర్వాత. మా మెట్టలో ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే దారిలో కళ్లకు పనేముంది? కంపచెట్లు, కొండలు, గొర్రెల మంద, మళ్లీ కంపచెట్లు. అందుకే చెవులకు ఏదో ఒకటి అప్పజెప్పాలి.

నాది అన్నిటికన్నా తక్కువ రకం మోడలు. డ్యాష్‌బోర్డులో రేడియో, స్టీరింగు మీద వాల్యూం బటన్లు ఇచ్చారు. ముందు తలుపుల్లో రెండు స్పీకర్లు ఇచ్చారు. వెనక తలుపుల్లో మాత్రం జాలీ పెట్టి, దాని వెనక ఏమీ పెట్టకుండా సరిపుచ్చారు. ఆ ముందు స్పీకర్లలో బాలు పాడుతుంటే ముక్కుదిబ్బడ పట్టినవాడు ఆవిరి పట్టుకుంటూ పాడినట్టుండేది. నెల్లూరు జిల్లాలో తిరుగుతూ బాలుకు జలుబు చేయిస్తే ఎవరూరుకుంటారు?

“బావా, ముందు ఆ రేడియో పీకెయ్” అన్నాడు ఆత్మకూరులో ఉండే మా బావమరిది. పెద్ద తెర, యాంపు, డిక్కీలో వూఫర్ డబ్బా, అన్నీ వాడే లెక్క కట్టాడు. లెక్క నా నెల జీతాన్ని దాటి మా ఆవిడ గాజుల వైపు చూసింది. వాడి కారులో ఇవన్నీ ఉన్నాయి. డిక్కీ అంతా డబ్బాయే కాబట్టి బియ్యం మూటను వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి తెస్తాడు. బస్టాండు దగ్గర వాడి పాటకన్నా ముందు వాడి నంబరు ప్లేటు మోగుతుంది. ఊరేగింపులో ట్రాక్టరు మీద కట్టిన బాక్సుల ముందు గుండెలదిరితేనే సౌండు అని నమ్మిన కుర్రాడు. వాడికి ఎదురు చెప్పడం కష్టం.

కానీ రేడియోను కదిలించేది లేదన్నాను. అది పోతే స్టీరింగు బటన్లు ఉత్త అలంకారమవుతాయి. వైర్లు కత్తిరిస్తే వారంటీకి నీళ్లొదులుకోవాలి. పైగా ఆ రేడియో చేసిన నేరమంటూ ఏమీ లేదు. దాని మీద ఎన్ని వాట్లని రాసినా, కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజను నడుస్తున్నప్పుడు 14 పైచిలుకు. ఆ కరెంటుతో ఒక్కో స్పీకరుకు నికరంగా అందేది 20 వాట్లకు అటూ ఇటూ. అద్దాలు మూసుకున్న కారులో అది చాలు, దాన్ని పాటగా మార్చే స్పీకరు సరైనదైతే. కంపెనీవాళ్లు తలుపులో పెట్టింది పల్చటి కాగితం కోను, దాని వెనక చిన్న అయస్కాంతం. దోషి అదే.

స్పీకరు కొనేటప్పుడు అట్టపెట్టె మీద బండ అక్షరాల్లో ఉండే 300 వాట్లను పట్టించుకోవద్దు. అది క్షణకాలం తట్టుకునే దెబ్బ, పాడే శక్తి కాదు. ఓ మూల చిన్న అక్షరాల్లో సెన్సిటివిటీ ఇన్ని డెసిబెల్స్ అని ఉంటుంది. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత వినిపిస్తుందో చెప్పే అంకె అది. 3 డెసిబెల్స్ పెరిగితే అంతే సౌండుకు సగం వాట్లు సరిపోతాయి. అంటే 85 ఉన్నదానికి బదులు 91 ఉన్నది పెడితే రేడియో బలం నాలుగింతలైనట్టే, పైసా యాంపు లేకుండా. ఇంత చదువు చదువుకొని నెల్లూరుకు పోయి, షాపు కుర్రాణ్ని “దీని డీబీ ఎంత?” అనడిగాను. “డీబీది కాదనా, ఇది మంచి కంపెనీదే” అన్నాడు. పెట్టె నేనే తిప్పి చదువుకున్నాను. ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ జత, అంటే ట్వీటరు నడుమనే ఉండే రకం, రెండు మూడు వేలల్లో వచ్చింది.

కొత్తదాని అయస్కాంతం పెద్దది. తిన్నగా బిగిస్తే కిందికి దిగే కిటికీ అద్దానికి తగులుతుంది. మధ్యలో చెక్క రింగు వేసి స్పీకర్ని ఇవతలికి జరపాలి. చెక్క అంటే ఉదయగిరిలో వెతుక్కునే పనేముంది? భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న చెక్క చెంచాల ఊరాయె. అట్ట మీద కొలత గీసి, చెంచాలు చేసే ఒక అక్క దగ్గరికి పట్టుకెళ్లాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

“దీనికి పిడేదబ్బయ్యా?”

“పిడి ఉండదక్కా. నడుమ చిల్లు ఉంటుంది.”

“ఇంత చిల్లుంటే చారు నిలవదు గదా!”

కారు తలుపులోకని చెప్పాను. నమ్మినట్టు లేదు. అయినా రింగు కోసి, అంచును ఆకురాయితో రుద్ది, వేలితో తడిమి చూసి, మళ్లీ రుద్ది ఇచ్చింది. స్పీకరు అందులో గాలి దూరకుండా కూర్చుంది. నెల్లూరులో ప్లాస్టిక్ రింగు దొరుకుతుంది గానీ ఈ పనితనం దొరకదు. వానకు తలుపు లోపలికి నీళ్లు దిగుతాయి కాబట్టి దానికి రెండు పూతలు వార్నిష్ పట్టించాను. బయల్దేరుతుంటే “పిడి ఉండేది కూడా ఒకటి తీసుకోబ్బయ్యా” అని దోసె గరిట అంటగట్టింది.

1513లో ఉదయగిరిని చుట్టుముట్టిన కృష్ణదేవరాయలకు కోట చిక్కడానికి ఏడాదిన్నర దాకా పట్టింది. ఆ ఓపిక ఎట్టాంటిదో డోరు ప్యాడు ఊడదీసేటప్పుడు తెలుస్తుంది. కనబడే స్క్రూలన్నీ తీసినా రాదు. ఇంకోటి హ్యాండిల్ వెనక బుల్లి మూత కింద దాక్కొని ఉంటుంది. అది తీసి లాగితే క్లిప్పులు టపటపా తెగుతాయి. రాయలవారికి ఇక్కణ్నుంచి హంపికి తీసుకుపోను బాలకృష్ణుడి విగ్రహం దక్కింది. మెకానిక్కుకూ నాకూ దక్కినవి విరిగిన క్లిప్పులు.

వైరు కొయ్యనివ్వలేదు. మన కారుకు సరిపోయే కప్లర్ తెస్తే స్పీకరుకు తగిలించడమే. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్సు మైనస్సు తారుమారైతే ఒకటి ముందుకు తోసిన గాలిని ఇంకోటి వెనక్కి లాగి బేస్ మింగేస్తుంది. గోడగడియారం సెల్లు ఒకటి తాకించి చూస్తే చాలు, ప్లస్సు ప్లస్సుకు తగిలినప్పుడు కోను బయటికి ఉబుకుతుంది. అసలు బేస్ దొంగలు తలుపు రేకులోని పెద్ద బొక్కలు. కోను వెనక పుట్టిన శబ్దం వాటిలోంచి ఇవతలికొచ్చి ముందు శబ్దాన్ని చంపేస్తుంది. వాటి మీద డ్యాంపింగ్ షీటు అతికించాం. ఏ వూఫర్ డబ్బా ఇవ్వనంత లాభం రూపాయి రూపాయికీ ఇచ్చింది ఆ నల్ల బంక షీటే. వెనక తలుపుల జోలికి పోలేదు. పాట ముందునుంచి రావాలి, వెనకనుంచి వచ్చేది లారీ హారన్ ఎలాగూ ఉంది.

బాలు జలుబు తగ్గింది. చరణానికి ముందు ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. చిక్కల్లా సెల్లు షాపులో నింపించిన పెన్‌డ్రైవుతో వచ్చింది. వేల పాటలు పట్టాలని ఒక్కోదాన్నీ నొక్కి నొక్కి ఎక్కించారు. పాత స్పీకరు ఆ గుట్టు దాచిపెట్టింది, కొత్తది తాళాల మోతను ఇసుక చెరిగినట్టు బయటపెట్టేసింది. “నాణ్యంగా ఎక్కించు నాయనా” అంటే షాపువాడు “పాటలు తగ్గిపోతాయి సార్” అని నన్ను జాలిగా చూశాడు. తగ్గినా సరే అన్నాను.

ఇప్పుడు గ్లోవ్ బాక్సులో ఏదో కిటకిటమంటోంది. ఇదివరకు కూడా మోగేదేమో, ఆ రొదలో తెలిసేది కాదు. అట్టముక్కలు దూర్చాను, తువ్వాలు కుక్కాను. మా ఆవిడ మోకాలు అడ్డం పెట్టి చూసింది. పోలేదు. బావమరిది ఎక్కి, చెవి ఆనించి, చాలాసేపు పరీక్ష చేసి తేల్చాడు:

“సౌండు పెంచు బావా, వినపడదు.”