అడవిని చెంచుల బారి నుంచి కాపాడటం ఎలా?

నల్లమలను కాపాడే బాధ్యత మీ మీద పడిందని తెలిసింది. శుభం. అడవి గురించి ఏమీ తెలియదే అని బెంగపెట్టుకోకండి. ఈ పనిలో తెలియనివాళ్లే పైకొచ్చారు. తెలిసినవాళ్లు ఇంకా పెంటల్లోనే, అంటే అడవి లోపలి చెంచు గూడేల్లోనే ఉన్నారు, వాళ్లను అక్కణ్ణుంచి కదిలించడమే ఇప్పుడు మీ ఉద్యోగం. గద్వాలలో టిఫిన్ చేసి బయల్దేరితే వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చెక్‌పోస్టు చేరేలోపు చదివెయ్యొచ్చని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆలస్యం చెయ్యకండి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మూసేస్తారు.

ముందు పటం తెప్పించుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ఏరియా. ఆకుపచ్చ రంగు మీద అక్కడక్కడా చిన్న చుక్కలు కనిపిస్తాయి. అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, మేడిమల్కల, సంగడిగుండాల... ఇవన్నీ చెంచు పెంటలు. పటాన్ని గోడకు తగిలించి పది అడుగులు వెనక్కి జరిగి చూడండి. చుక్కలు మాయమవుతాయి. మనిషి కాలు పెట్టని అడవి అంటే ఎలా ఉంటుందో అప్పుడు మీకు అర్థమవుతుంది. నివేదికలు రాసేటప్పుడు ఎప్పుడూ అంత దూరంలోనే కూర్చోండి.

ఎవరో ఒక చదువుకున్నాయన వచ్చి మీకు చరిత్ర చెప్పబోతాడు. 1940 ప్రాంతంలో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య తిరిగాడనీ, 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడనీ, ఆయన చెప్పిన మీదటే నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం కేటాయించిందనీ అంటాడు. కాదనకండి. ఆ చరిత్ర మనకు పనికొస్తుంది. అప్పట్లో చెంచులను బయటివాళ్ల నుంచి కాపాడటానికి హద్దు గీశారు. 1983లో అదే నల్లమల పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. ఇప్పుడు అడవిని చెంచుల నుంచి కాపాడుతున్నాం. గీత గీసే శ్రమ నిజాం నాడే తీరిపోయింది, లోపలెవరు బయటెవరు అన్నది తిరగేసుకుంటే చాలు.

ఆయన ఇంకా వదలకపోతే ఎల్లోస్టోన్ సంగతి ఎత్తండి. 1872లో ప్రపంచంలోనే మొదటి జాతీయ ఉద్యానం అక్కడ పెట్టినప్పుడు షోషోనీ లాంటి తెగలు ఆ చుట్టుపక్కలే వేటాడుతూ బతుకుతున్నాయి. వాళ్లను పంపించేశాక, ఉడుకునీటి బుగ్గలంటే భయంతో ఆదివాసులు అటువైపు వచ్చేవాళ్లే కాదని పార్కు అధికారులే ప్రచారం చేశారు. ఎంత చక్కటి కథ! నల్లమలకు అలాంటిది ఇంకా దొరకలేదు. మల్లెలతీర్థం జలపాతమంటే చెంచులకు భయమని చెప్పి చూశాం కానీ, విన్నవాళ్లు నవ్వారు.

ఇక అడవికి ఎవరి వల్ల ముప్పో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. తేనె తీసే చెంచును ఒకసారి దగ్గర నుంచి గమనించండి. కొండ అంచున తాడు కట్టి లోయలోకి దిగుతాడు. కింద పాతాళం, ముఖం ముందు పొగ, చుట్టూ ఈగలు. పైన తాడు పట్టుకునేది బావమరిది. తోడబుట్టినదాని తాళి తెగాలని ఎవడూ కోరుకోడు కనుక ఆ తాడు అతని చేతికే ఇస్తారని చెప్పుకుంటారు. పట్టు మొత్తం కొయ్యకుండా ఈగలకు కొంత వదిలి, పైకి వచ్చి, డబ్బా నెత్తిన పెట్టుకుని గిరిజన సహకార సంస్థ తూకం కోసం నడుస్తాడు. ఇతన్ని తప్పకుండా ఆపాలి. డబ్బా దింపించండి, మూత తీయించండి, ఎక్కడ తీశావో చెప్పమనండి. తపసి బంక, నన్నారి గడ్డలు, ఇప్పపువ్వు మోసుకొచ్చేవాళ్లకూ ఇదే పద్ధతి. ఆడవాళ్లయితే ఇంకొంచెం గట్టిగా అడగండి, గడ్డలు ఎక్కడ తవ్వుతారో వాళ్లకే బాగా తెలుసు.

రిగ్గు లారీ వస్తే మాత్రం దారి చూపించండి. యురేనియం కోసం అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర 4,000 బోర్లు వేసి చూస్తామన్నారు. 2016లో రాష్ట్ర వన్యప్రాణి మండలి సరేనంది, 2019 మేలో కేంద్రంలోని అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఒక్క బోరుకీ తేనె డబ్బా లాగా మూత తీయించాల్సిన పని లేదు. అంత సాఫీగా నడుస్తున్న వ్యవహారం ఎందుకు చెడిందంటే, జనానికి ముందే తెలిసిపోయింది. అమ్రాబాద్, పదర, అచ్చంపేట రోడ్డెక్కాయి, తర్వాత సినిమావాళ్లు కలిశారు, సెప్టెంబరులో శాసనసభే తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మీ హయాంలో ఇలాంటిది వస్తే పెంటల్లో చెప్పడం చివరి పనిగా పెట్టుకోండి.

అసలు విద్యంతా ఒప్పుకోలు సంపాదించడంలో ఉంది. చట్టాలు మనకు కాస్త అడ్డమే. 2006 అటవీ హక్కుల చట్టం, వన్యప్రాణి చట్టం రెండూ ఒకే పాట పాడతాయి. ముందు హక్కులు గుర్తించాలట, గ్రామసభ ఒప్పుకోవాలట, పోయేవాళ్లు తమంత తాముగా పోవాలట. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు తిరిగే అడవి మొత్తం మీద ఆవాస హక్కు కూడా ఉంటుందట. ఆ సెక్షన్ ఉన్న పేజీని మడత పెట్టకండి, ఎవరైనా తెరిచినప్పుడు అక్కడే తెరుచుకుంటుంది.

‘తమంత తాముగా’ అన్నదానికి నాలుగైదేళ్లు ఓపిక పట్టాలి. పెంటకు రోడ్డు వెయ్యకండి. కరెంటు స్తంభాలు అభయారణ్యం గేటు దగ్గరే ఆపండి. బోరు మోటారు కాలిపోతే అనుమతి కోసం రాయండి, అనుమతి వచ్చేలోపు వానాకాలం వస్తుంది. బడికి టీచరును వేస్తారు, ఆయన వారానికి ఎన్నిసార్లు రాగలడో చూడండి. కాన్పు నొప్పులు మొదలైతే అంబులెన్సు ఎంత దూరం రాగలదో అంత దూరానికి మంచం మీద మోసుకురమ్మనండి. రేషను బియ్యం కోసం పొద్దున పోయి పొద్దుగూకేవేళకు రావాలి. ఇంత ఏర్పాటు చేశాక పెంటకు వెళ్లి, వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, మెత్తగా అడగండి: “తాతా, ఇక్కడేముంది? రోడ్డు లేదు, కరెంటు లేదు, పిల్లలకు చదువు లేదు. కిందికి రారాదూ?”

ముసలాయన తప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తాడు.

“రోడ్డు ఎందుకెయ్యరు సారూ?”

“పులులకు ఇబ్బంది తాతా.”

“మరి ఫర్హాబాద్ కాడ జీపులు తిరుగవట్టె గద?”

“అవి పులులను చూడటానికి.”

“మమ్ములను జూస్తే పులి దాని తొవ్వ అది పోతది సారూ. మేం గూడ అంతే.”

ఇక్కడ వాదనకు దిగారో, మీ పని అయిపోయినట్టే. మాట మార్చి ప్యాకేజీ చెప్పండి. కుటుంబానికి 10 లక్షలు ఉండేది, 2021లో 15 లక్షలు చేశారు. లేదంటే ఇల్లూ పొలమూ. బాచారంలో పునరావాస కాలనీ అని కూడా అనొచ్చు. 15 పక్కన ఎన్ని సున్నాలుంటాయో కాగితం మీద పెద్దగా రాసి చూపించండి. నన్నారి, తేనె, ఇప్పపువ్వు, గడ్డలు, పండ్లు ఏడాదికి ఇంటికి ఎంత విలువ చేస్తాయో లెక్క కట్టే కాలమ్ మన ఫారంలో లేదు. మంచిదే, లేనిదాన్ని ఎవరూ నింపమనరు.

గ్రామసభ రోజున షామియానా వేయించండి. తీర్మానం ఇంటి దగ్గరే రాసుకుని రండి. ‘మా సంపూర్ణ స్వచ్ఛంద అంగీకారంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా’ అని మొదలుపెడితే బావుంటుంది, పెంటలో ఎవరూ అలా మాట్లాడరు కనుక ఎవరూ మధ్యలో అడ్డు తగలరు. స్టాంపు ప్యాడు ఎండిపోకుండా చూసుకోండి. గడ్డలు తవ్వి, చెట్లెక్కి గీతలు అరిగిపోయిన వేళ్లు వాళ్లవి, రెండుసార్లు అద్దితే గానీ ముద్ర సరిగా పడదు. సంతకం చేసే కుర్రాడు ఉంటే చివర్లో పిలవండి, ముందు పిలిస్తే చదువుతాడు. అయ్యాక దుప్పట్లు పంచి ఫొటో తీయించండి.

దగ్గరకు రానివ్వకూడని మనుషులు కొందరున్నారు. శ్రీశైలం ముంపు బాధితులు వాళ్లలో మొదటివాళ్లు. 1981లో ఇళ్లు కూల్చి ఖాళీ చేయించారు కదా, ఆ కృష్ణ ఒడ్డు ఊళ్లవాళ్లు కొల్లాపూర్, ఆలంపూర్ వైపు ఇంకా ఉన్నారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని విప్పి ఆలంపూర్ తెచ్చి మళ్లీ కట్టారు. రాళ్లకు పునరావాసం కుదిరింది. మనుషులకు ఇంటికో ఉద్యోగమని 1986లో 98 జీవో వచ్చింది, దాని కోసం తండ్రుల తర్వాత కొడుకులు ధర్నాల్లో కూర్చున్నారు. వాళ్లలో ఒక్కడు పెంటకు వచ్చి టీ తాగిపోయినా మీ నాలుగేళ్ల ఓపిక బూడిదలో పోసిన పన్నీరే.

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలు రెండోవాళ్లు. పులుల అభయారణ్యం లోపలే 2011లో సామూహిక అటవీ హక్కులు తెచ్చుకుని అక్కడే ఉంటున్నారు, పులులూ అక్కడే ఉంటున్నాయి. ఎవరైనా అడిగితే అది వేరే రాష్ట్రం, వేరే వాతావరణం అనేయండి.

వేదికల మీద మాట్లాడాల్సి వస్తే అహోబిలంతో మొదలుపెట్టండి. నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు, అంటే చెంచులు సాక్షాత్తూ దేవుడి అత్తింటివారు. చప్పట్లు పడతాయి. ఏఎన్నార్, అంజలీదేవి సినిమా గుర్తుచేస్తే పెద్దవాళ్ల కళ్లు చెమరుస్తాయి. అత్తింటివారిని ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చిన అల్లుడు పురాణాల్లో ఎక్కడైనా ఉన్నాడా అని ఎవరూ అడగరు, అడిగేంత టైము ఇవ్వకండి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర ఉంటుంది. లింగమయ్యకు పూజారులు చెంచులే. బయటి నుంచి వచ్చే జనం లోయ నిండా ప్లాస్టిక్ వదిలిపోతారు. జాతర అయ్యాక దాన్ని ఏరడానికి చెంచులనే పిలవండి, ‘స్థానికుల భాగస్వామ్యం’ కింద రాసుకోవచ్చు.

చెంచు కుర్రాళ్లకు ఖాకీ చొక్కాలిచ్చి వాచర్లుగా, సఫారీ గైడ్లుగా పెట్టుకోవడం మరవకండి. పులి అడుగు ఏ పూట పడిందో, ఎండాకాలం ఏ గుండంలో నీళ్లు మిగులుతాయో, మంట ఏ వైపు నుంచి లేస్తుందో వాళ్లే చెప్పాలి. చెప్పినదంతా మీ నివేదికలో ‘క్షేత్ర పరిశీలన’ అని రాసుకోండి. సాయంత్రం చొక్కా విప్పి పెంటకు పోతాడు. మర్నాడు ఆ పెంటనే ఆక్రమణల జాబితాలో చూపించాలి కాబట్టి రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద ఉండకుండా జాగ్రత్తపడండి.

ఆఖరుగా మీ క్షేమం కోసం ఒక మాట. లోపల ఫోను సిగ్నల్ ఉండదు. వాగు దాటాక బాటలు రెండుగా, మూడుగా చీలతాయి, జీపీఎస్ అన్నింటినీ ఒకేలా చూపిస్తుంది. దారి తప్పితే పొగ ఎటు కనిపిస్తే అటు నడవండి, ఏదో ఒక పెంట తగులుతుంది. గడ్డలు ఉడకేసి పెడతారు, మంచం మీకిచ్చి వాళ్లు కింద పడుకుంటారు, తెల్లారాక చెక్‌పోస్టు దాకా దిగబెడతారు. అందుకని తరలింపు జాబితా తయారుచేసేటప్పుడు మీ జీపు ఎక్కువగా తిరిగే వైపు ఒక పెంటను చివరి విడతలో పెట్టుకోండి.