బీరువాలో భద్రం!

‘స్టోరులోని పురాతన వస్తువులన్నీ భద్రంగా ఉన్నాయి’ అని మ్యూజియం వారి ప్రకటన వచ్చినప్పుడల్లా నాకు శాతవాహనుల మీద జాలి కలుగుతుంది. పాపం, వాళ్లు సీసంతో నాణేలు కొట్టించారు. బీరువాలనేవి వస్తాయని వాళ్లకేం తెలుసు?

ఢిల్లీ ఇనుప స్తంభం అదృష్టం చూడండి. 1600 ఏళ్లుగా ఎండలో, వానలో నిలబడే ఉంది. ఇనుములో భాస్వరం ఎక్కువుండి పైన రక్షణ పొర కట్టిందంటారు శాస్త్రజ్ఞులు. కాదనను. కానీ దాన్ని ఎవరూ స్టోరులో పెట్టి తాళం వేయలేదన్న సంగతి కూడా గమనించాలి.

స్టోరులో కంచే చేను మేస్తుంది. ఓక్ లాంటి చెక్కల నుంచి, కొన్ని ప్లైవుడ్లు, జిగుర్ల నుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. వాటిలో ఎసిటిక్ ఆమ్లం ఒకటి, అంటే వెనిగర్‌లోని పులుపు. తలుపు బిగుతుగా మూస్తే ఆవిరంతా లోపలే ఉంటుంది. ఇక సీసం పని అయిపోయినట్టే. దాని మీద తెల్లటి పొడి లేస్తుంది. ముట్టుకుంటే రాలుతుంది, దాంతోపాటే రాజుగారి పేరు కూడా. శతాబ్దాల పాటు మట్టి దాచిపెట్టిన అక్షరాలను మనం ఖర్చుపెట్టి కొన్న బీరువా తినేస్తుంది.

దీనికి విరుగుడుగా 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ ఒక పరీక్ష పెట్టాడు. బీరువాకు వాడబోయే చెక్కనో, గుడ్డనో కాస్త తీసుకుని, వెండి, రాగి, సీసం రేకులతో, కొంచెం నీటితో గాజు పాత్రలో బిగించాలి. 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచాలి. రేకులు పాడైతే ఆ సరుకు పనికిరాదు. మన దగ్గర పరీక్ష ఇంకా సులువు. తక్కువ ధర కోట్ చేసిన సరుకు పాస్! 28 రోజులు ఆగితే ఎలాగండీ, మార్చి 31 దాటితే నిధులు మురిగిపోవూ?

కంచు విగ్రహాలది మరో గోడు. మట్టిలో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన క్లోరైడు తేమ తగిలేదాకా నిద్రపోతుంది. స్టోరులో ఏసీ పొద్దున పదింటికి వస్తుంది, సాయంత్రం అయిదింటికి ఉద్యోగులతోపాటు ఇంటికి పోతుంది. రాత్రి తేమ పెరిగితే క్లోరైడు నిద్రలేస్తుంది. నున్నటి చెంప మీద లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా పుడుతుంది. తుడిచేస్తే పోతుందనుకుంటారు. పోదు, కిందనుంచి తొలుచుకుంటూ పోతుంది. కొందరు భక్తిగా చింతపండు కూడా పట్టిస్తారు. ఇంటి బిందెకైతే సరే గానీ, వెయ్యేళ్ల విగ్రహానికి ఆ తోముడుతో పైపొర కూడా పోతుంది. వెండి సంగతి అడక్కండి. దాన్ని ఉన్ని గుడ్డలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి మరీ గంధకానికి అప్పజెబుతాం.

తనిఖీకొచ్చిన పెద్దలు ఒట్టి చేతులతో విగ్రహాన్ని పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ చెమటలో ఉప్పుంటుంది. ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది, వేలిముద్ర కొన్నాళ్లకు లోహంపై తేలుతుంది.

స్టోరు కీపరు గారూ, ఈసారి బీరువా తెరవగానే ఒకసారి వాసన చూడండి. పుల్లటి వాసన తగిలితే సీసం నాణేలను ముందు బయటికి తీయండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. మూల పెట్టిన సిలికా జెల్ గింజలు నీలం పోయి గులాబీ రంగుకు తిరిగి ఉంటే అవిక తేమ పీల్చవు, మార్చండి. దానికి టెండరు అక్కర్లేదు.