ముందే కొట్టిన టిక్కులు

మొన్న కార్తీకంలో మా ఆడపడుచు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. గన్నవరం దాటి హైవే మీద బెజవాడ వైపు వెళ్తుంటే ఆసుపత్రులకేం కొదవ? వాటిలో ఒకదాంట్లో చేర్చాం. అద్దాల మేడ, చల్లటి వరండాలు, గోడకి ఆసుపత్రి నాణ్యతకి గుర్తింపుగా ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ పటం. ముప్ఫై అయిదేళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసి 2008లో రిటైరైనదాన్ని. మంచానికి వేలాడే ఫైలు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఆపరేషన్ ముందురోజు రాత్రి తీసి చూశాను. థియేటర్లో నింపాల్సిన చెక్‌లిస్టు కాగితం అందులో ఉంది. రోగిని పేరు అడిగారా? ఏ వైపు తుంటో గుర్తు పెట్టారా? మందులేమైనా పడవా? కోత పెట్టేముందు అందరూ ఒక్క నిమిషం ఆగారా? అన్ని గళ్లలోనూ టిక్కులు కొట్టేసి ఉన్నాయి. ఆపరేషనేమో మర్నాడు పదింటికి.

"ఇవెవరు కొట్టారు అమ్మాయ్?" అని డ్యూటీలో ఉన్న పిల్లని అడిగాను.

"మేమేనండీ. ముందే కొట్టి ఉంచుతాం. ఫైలు పూర్తిగా లేకపోతే థియేటర్ వాళ్లు తిప్పి పంపేస్తారు" అంది. ఆ మాటలో దాపరికం లేదు, బెరుకూ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ కాగితం ఊరికే పుట్టింది కాదు. మా మనవరాలు ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతోంది, తన థీసిస్ కోసం తెచ్చుకున్నవన్నీ నాకు తెలుగులో విడమరిచి చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ చెక్‌లిస్టుని ఎనిమిది నగరాల్లో పెట్టి చూసింది. లండన్, టొరంటోలతో పాటు మన ఢిల్లీ ఉంది, టాంజానియాలోని ఇఫకారా అనే చిన్న ఊరూ ఉంది. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆపరేషన్ తర్వాత చనిపోయేవాళ్లు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గారు. చీము పట్టడం, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి రావడం లాంటి ఇబ్బందులు నూటికి 11 నుంచి 7కి దిగాయి. కొత్త మందు కనిపెట్టలేదు. పందొమ్మిది సంగతులు నోటితో, నలుగురికీ వినపడేలా అడిగి చెప్పుకున్నారు, ముఖ్యంగా అదీ వాళ్లు చేసింది. సర్జన్ నుంచి నర్సు దాకా థియేటర్లో ఉన్నవాళ్లంతా తమ పేరు చెప్పుకోవాలి. పేరు చెప్పుకున్న నర్సుకి, "ఆగండి డాక్టరు గారూ, ఇది కుడి కాలు కదా" అనడానికి గొంతు లేస్తుంది. మాకా గొంతు ఎవరూ ఇవ్వలేదు. సర్జన్ గారు చెయ్యి చాపితే పనిముట్టు అందించడమే మా పని, మాట్లాడటం కాదు. మాకు దొరకనిది ఈ పిల్లలకి దొరికింది. దాన్ని రాత్రిపూట కౌంటర్ దగ్గర కూచుని పెన్నుతో కొట్టేస్తుంటే ఎలా?

నేను 1973లో ఉద్యోగంలో చేరాను. మా రోజుల్లో డ్యూటీ మారేటప్పుడు ఓవర్ ఇవ్వడం అంటే మంచం మంచం తిరగాల్సిందే. వెళ్లే నర్సు, వచ్చే నర్సు, మధ్యలో హెడ్ సిస్టర్. ఆవిడ దుప్పటి తీసి, రోగిని పక్కకి ఒత్తిగించి వీపు చూసేది. ఎక్కడైనా ఎర్రగా కమిలితే ఆ రోజు మా పని అయిపోయినట్టే. పడక పుండు పడిందంటే అది వార్డు మొత్తానికీ తలవంపు. స్పిరిట్ రాసి, పౌడర్ అద్ది, వీపు రుద్దేవాళ్లం. ఆ రుద్దడంలో పుండుకి ఎంత మేలు జరిగిందో గానీ, ఒంటి మీద చెయ్యి వేస్తే జ్వరం తెలిసేది, చెమట తెలిసేది, మనిషి భయం తెలిసేది. నాడి పట్టుకుంటే నిమిషం పాటు పట్టుకునేవాళ్లం. ఇప్పుడు వేలికి క్లిప్పు తగిలించి అంకె రాసుకుని పోతున్నారు. అంకె సరైనదే కావచ్చు. ఆ నిమిషం మటుకు పోయింది.

ఆపరేషనైన రాత్రి మా ఆడపడుచు మంచం పక్కనే కుర్చీలో ఉన్నాను. పన్నెండు దాటాక నాలుగు దాకా ఎవరూ రాలేదు. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, జాగ్రత్తగా నేనే పక్కకి తిప్పాను. పొద్దున చార్టులో చూస్తే రెండింటికోసారి, నాలుగింటికోసారి తిప్పినట్టు రాసి ఉంది. ఆరింటి బీపీ కూడా నాలుగింటికే రాసేశారు.

అలాగని మా రోజులు బంగారం అంటే మటుకు ఒప్పుకోను, చేతులారా చేసినవి గుర్తున్నాయి. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారి వెనకాల డెటాల్ నీళ్ల బేసిన్ మోసేవాళ్లం. నలభై మంచాలకీ అదే బేసిన్, అదే తువ్వాలు. చివరి మంచం దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లు ఏ రంగులో ఉండేవో చెప్పను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నన్ను శిబిరాలకి పంపారు. కలరా ఇంజెక్షన్ల కోసం జనం బారులు తీరి ఉన్నారు. గాజు సిరంజిలు మరగబెట్టడానికి కిరసనాయిలు స్టవ్ ఒక్కటే. సూది స్పిరిట్ దూదితో తుడిచి పక్క మనిషికి పొడిచాం. ఆ రోజు దాన్ని సేవ అనుకున్నాం. ఎంతమందికి కామెర్లు అంటించామో ఎవరు లెక్క రాశారు? 2000 దాటాక మన దేశమంతా తిరిగి ఇంజెక్షన్లు ఎలా వేస్తున్నారో చూసిన పరిశోధకులు దాదాపు 63 శాతం సురక్షితంగా లేవని తేల్చారు. గాజు సిరంజిలు పోయి ఒకసారి వాడి పారేసేవి వచ్చాయంటే ఇలాంటి లెక్కల పుణ్యమూ అందులో ఉంది. నా చేతుల్లో ఉన్న పాపం కొంత వాటివల్లే ఆగింది. అందుకే పరిశోధన అంటే నాకు గౌరవం.

ఇంకొకటి ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. మన కృష్ణా జిల్లా ఊళ్ల సంగతి తెలిసిందేగా, సగం ఊరికి ఒకే ఇంటిపేరు, తాత పేరు మనవడికి. ఎనభైల్లో నేను నైట్ డ్యూటీలో ఉండగా వార్డులో ఒకే పేరూ ఇంటిపేరూ ఉన్న ఇద్దరున్నారు. ఒకరికి వేయాల్సిన పెన్సిలిన్ ఇంకొకరికి వేశాను. ఆయనకది పడదు. ముఖం ఉబ్బింది, ఊపిరి అందలేదు. అడ్రినలిన్ ఇచ్చి, తెల్లారేదాకా పక్కన నిలబడి ఎలాగో దక్కించుకున్నాం. హెడ్ సిస్టర్ నన్ను దులిపేసి, ఆఖర్న గొంతు తగ్గించి, "కేస్ షీట్లో రాయకు" అంది. నన్ను కాపాడాలనే అంది. నేను రాయలేదు. నా తర్వాత ఆ వార్డుకి వచ్చిన పిల్లకి, పేరు అడిగితే చాలదు, వయసూ ఊరూ కూడా అడగాలి అని చెప్పే కాగితం లేకుండా చేశాను. తప్పుని దాచకుండా లెక్కపెట్టాలన్న మాట అమెరికాలో 1999లో గట్టిగా బయటికొచ్చింది. ఆసుపత్రి పొరపాట్ల వల్ల అక్కడ ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అంచనా వేశారు. అక్కడి వైద్యరంగంలోని పెద్దలు అలా ఒప్పుకోగలిగారు. మేం ఒక్క పెన్సిలిన్ సూదిని ఒప్పుకోలేకపోయాం.

ఇప్పుడు రాస్తున్నారుగా అంటారు. రాయడం వేరు, గడి నింపడం వేరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 60 ఆసుపత్రుల కాన్పు గదులు, పసిపిల్లల వార్డుల కోసం 'సేఫ్ కేర్ సేవింగ్ లైవ్స్' అని ఒక కార్యక్రమం నడిపారు. మంచి సంరక్షణకి ఇరవై పద్ధతులు పెట్టుకున్నారు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ వాళ్లు కొలిచి 2021లో ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. పసికందుల మరణాలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదట. ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నర మందికి పైగా తల్లులతో కాన్పు చెక్‌లిస్టు పరీక్షిస్తే, అక్కడా అంతే, 2017లో ఫలితం వచ్చింది. నేర్పే మనిషి వచ్చిపోతున్నంతకాలం చేతులు కడుక్కోవడంలాంటివి బాగా పెరిగాయి, ఆ మనిషి రాక ఆగాక జారిపోయాయి. చావులు మటుకు తగ్గలేదు. మా మనవరాలు ఇది చదివి నీరసపడింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. కాగితం ఇచ్చారు, చేతులు ఇవ్వలేదు.

ముందే టిక్కులు కొట్టిన ఆ నర్సు పిల్ల మీద కోపం తెచ్చుకున్నాను గానీ, రెండో రాత్రి ఆమె చీర కుచ్చిళ్లు... కాదులెండి, ఇప్పుడు ప్యాంటూ కోటూ, వాటితో ఒక గది నుంచి ఇంకో గదికి పరుగెత్తడం చూశాను. "ఎన్ని మంచాలమ్మా నీకు?" అంటే, "ఇరవై రెండండీ. ఇంకో సిస్టర్ మానేసింది" అంది. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రిలో అయిదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలి, బోధనాసుపత్రిలో అయితే ముగ్గురికి ఒకరు. ఇరవై రెండు మందిని రెండేసి గంటలకి ఒకసారి తిప్పమంటే దేవుడి తరం కాదు. అమెరికాలో లిండా ఐకెన్ అనే ఆవిడ, తనూ నర్సే, పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసి 2002లో చెప్పింది. నర్సు నెత్తిన అదనంగా పడే ఒక్కొక్క రోగికీ, ఆపరేషనైనవాళ్లు నెల లోపు చనిపోయే ప్రమాదం 7 శాతం చొప్పున పెరుగుతోందని. ఎన్‌ఏబీహెచ్ పటం గోడకి తగిలించే ప్రతి యజమానీ ముందు ఈ లెక్క చదవాలి.

ఇలాంటి తొందర ఆపరేషన్ శిబిరాల్లోనూ చూశాను, అది ఈనాటిది కాదు. ఎమర్జెన్సీ నాళ్లలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు లెక్క కోసం చేసేవాళ్లు. ఇన్నేళ్లు గడిచాక 2022 ఆగస్టులో హైదరాబాదు పక్క ఇబ్రహీంపట్నంలో, మన కొండపల్లి దగ్గరది కాదు, ఒక్కరోజులో 34 మంది ఆడవాళ్లకి ఆ ఆపరేషన్ చేస్తే నలుగురు చనిపోయారు. నలుగురూ పసిపిల్లల తల్లులు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

డిశ్చార్జి రోజు ఒక కాగితం చేతిలో పెట్టారు. రిసెప్షన్ ఎలా ఉంది, క్యాంటీన్ ఎలా ఉంది, టీవీ పనిచేసిందా, అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని. నర్సు గురించిన ప్రశ్న ఒక్కటే, నవ్వుతూ పలకరించిందా అని. నేను నక్షత్రాలు వదిలేసి కాగితం తిరగేశాను. మీ నైట్ డ్యూటీ సిస్టర్‌కి ఇరవై రెండు మంచాలు, రెండోవాళ్లని ఎప్పుడు వేస్తారు, థియేటర్ చెక్‌లిస్టు థియేటర్లోనే నింపేలా ఎప్పుడు చూస్తారు అని తెలుగులో రాసి, కింద పేరు, గన్నవరం అడ్రసు, ఫోన్ నంబరు పెట్టాను. కౌంటర్లో అబ్బాయి ముందువైపే చూసి, "నక్షత్రాలు పెట్టలేదు మామ్మా" అన్నాడు. వెనక చదవమన్నాను. చదివి, లేచి నిలబడి, పై మేనేజరుకి ఇస్తానన్నాడు. నెలా పదిరోజులైంది. ఈ వారంలో మా ఆడపడుచుని చూపించడానికి మళ్లీ వెళ్లాలి, అప్పుడు నేనే మేనేజరు గదికి వెళ్లి అడుగుతాను.