గడ్డపాయన గంట

భద్రాచలం రోడ్డు అనే స్టేషన్ భద్రాచలంలో ఉండదు, కొత్తగూడెంలో ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియమూ అంతే, సాలార్‌జంగ్ ఇంట్లో లేదు. "నవాబు మేడ చూపిస్తానంటివి గదా, మేడేదిరా?" అని మా మేనత్త టికెట్ కౌంటర్ ముందే నిలదీసింది.

ఆ మేడ దివాన్ దేవిడీ. 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించింది అందులోనే. 1968లో సామానంతా మూసీ ఒడ్డునున్న ఈ భవనానికి తరలింది. దేవిడీలో ఇప్పుడు కమాన్లు తప్ప పెద్దగా మిగిలిందేమీ లేదు.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912 నుంచి 1914 దాకా నిజాంకు దివాన్. తర్వాత కొనడమే ఆయన కొలువు. చైనా పింగాణీ, ఫ్రాన్సు బొమ్మలు, దంతపు కుర్చీలు, చివరికి చేతికర్రలు కూడా. ఇన్ని ఎట్లా పోగేశాడని అందరూ నోరు తెరుస్తారు. నాకేం వింత అనిపించలేదు. ఆయన పెళ్లి చేసుకోలేదు. "ఇదెందుకు తెచ్చావు, ఎక్కడ పెట్టాలి?" అని గుమ్మంలో అడిగేవాళ్లు లేరు. నా కళాసంపద, అంటే ఒక్క కొండపల్లి ఏనుగు, ఆ ప్రశ్నకే అటకెక్కింది.

అత్తకు మాత్రం దేనికైనా కొలత రామయ్య నగలే. చింతాకు పతకం, పచ్చల పతకం చూసిన కళ్లాయె, అద్దాల బీరువాలు చూసి పెదవి విరిచింది. "నవాబు కొంటే మ్యూజియం, మా గోపన్న చేయిస్తే గోల్కొండ ఖైదు!" నవాబుది సొంత డబ్బు, గోపన్నది తానీషా ఖజానా అనబోయి మింగేశాను. తిరుగు రైల్లో పక్క బెర్తు ఆవిడదే.

ముసుగు రెబెకా దగ్గర మాత్రం అత్త నోరు మూతపడింది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. ముసుగులోంచి ముక్కూ పెదవులూ కనిపిస్తుంటాయి. ముసుగూ రాయే, ముఖమూ రాయే.

"ఇంత పల్చటి గుడ్డ నేసినోడిది ఏ ఊరురా?"

"నేసింది కాదత్తా, చెక్కింది."

"ఊరుకో, నాకు చెప్పకు."

అంతలో జనం పరుగు. పన్నెండు కావస్తోంది. కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు కుర్చీలన్నీ నిండిపోయాయి. వెనకవాళ్లు ముందువాళ్ల ఫోన్లలోనే గడియారం చూస్తున్నారు. తలుపు తెరుచుకుంది, గడ్డపాయన బయటికొచ్చాడు, పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి పోయాడు. జనమూ పోయారు, సగంమంది నేరుగా క్యాంటీన్‌కి. ఎన్నో దేశాల కళను వెనక పెట్టుకుని మనవాళ్లు చూడవచ్చింది గంట కొట్టే ఉద్యోగిని!

మీరు వెళ్తే, పన్నెండుకు పది నిమిషాల ముందు రెబెకా దగ్గరికి చేరండి. అడ్డొచ్చేవాళ్లుండరు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు.