శయన సిద్ధాంతి

చిప్పగిరి, ఆలూరు, ఆదోని ప్రాంతములవారు పనులమీద చెన్నపట్టణమునకు పోయివచ్చునప్పుడు రాత్రి రైలులో ఒక మహానుభావుడు తప్పక తటస్థపడును. ఆతనికి శయన సిద్ధాంతి యని నేను పేరిడితిని. రైలులో నిద్ర మనకు ఒక వెసులుబాటు. ఆతనికి ఒక శాస్త్రము.

టిక్కెట్టు చేత పడగానే బెర్తు సంఖ్యను ఎనిమిదిచే భాగించి, ఇంటికి ఆయము కట్టు వాస్తువేత్తవలె శేషమును బట్టి ఫలము చెప్పును. ఒకటి మిగిలిన క్రింది బెర్తు, ధ్వజాయము, సర్వశుభము. ఏమియు మిగులకున్న ప్రక్కవైపు పై బెర్తు, కాకాయము, కాకివలె ముడుచుకొని కూర్చుండుటకేగాని కాళ్లు చాచుటకు పనికిరాదు. 72 బెర్తుల పెట్టెలో 33 మొదలు 40 వరకు గల నడిమి భాగము చక్రములకు దూరమగుటచే కుదుపు తక్కువయనియు, కొసలనున్న బెర్తులలో ఎముకలు కూడ మేలుకొనియుండుననియు ఆతని సిద్ధాంతము. మొదటి మాట నిజమే.

ఇక సంభారములు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమువారి దుప్పటి. నోటితో ఊదు దిండు, దాని బిరడా ఊడకుండ చుట్టిన దారము. సంచికి గొలుసు, గొలుసునకు తాళము. చెవులలో పెట్టుకొనుటకు ప్రత్యేకముగా ఆదోని పత్తి. వేరే ఊరి దూదిలోనుండి గురక దూరునట! 1977 తరువాత రైల్వే మంత్రి మధు దండవతేగారు రెండవ తరగతి చెక్కబల్లలకు మెత్త వేయించువరకు మా పెద్దలు ఆ చెక్కమీదనే తుండుగుడ్డ పరచి, చెప్పులు తలక్రింద పెట్టుకొని, హాయిగా గుర్రుపెట్టిరి. 1755లో చిప్పగిరిలోనే దేహము చాలించిన విజయదాసులవారి మాట యెత్తనే వలదు. తంబుర మీటుచు ఊరూర తిరుగు హరిదాసులకు అరుగు దొరకిన చాలును.

పది కొట్టకముందే సిద్ధాంతి నడిమి బెర్తు గొలుసు చేత పట్టి నిలుచును. క్రింద కూర్చుండి ఉగ్గాని బజ్జీ పొట్లము విప్పుకొన్న ముసలాయనను చూచి దగ్గును.

"ఏం పెద్దాయనా, ఇంకా తింటావా?"

"పొద్దు పోలేదు కదప్పా."

"తిను తిను. బజ్జీ తిన్యాక ఎడమపక్క తిరిగి పండుకో, అరుగుతాది."

ఆ ముసలాయన పొట్లము చుట్టి పారవేసి, ఏ పక్కకు తిరిగెనో తెలియదు, క్షణములో నిద్రపోయెను. సిద్ధాంతి మాత్రము దిగి తాళము లాగి చూచును. ఎక్కి దిండు గాలి సరిచూచును. నీలిదీపము కంటబడుచున్నదని మరల దిగి తల అటు కాళ్లు ఇటు మార్చును. ఎదుటివాని దుప్పటి జారినదని కప్పి వానిని మేల్కొలుపును. తన్ను లేపినవాడు భస్మము కావలెనని ముచుకుందుడు వరము వేడెనందురు. ఈతని కా వరముతో పని లేదు, లేపువాడును ఈతడే. రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, ప్రతి స్టేషనులోను కిటికీ పైకెత్తి పేరు చదువుచుండగా నేను చూచితిని. (నేనెందుకు మేలుకొంటినని అడుగకుడు. ఎదుటివాడను నేనే.)

గుంతకల్లులో దిగునప్పుడు, "రాత్రి నిద్ర పట్టినదా?" యని మర్యాదకు అడిగితిని.

"నాకేమప్పా, కండ్లు మూస్తే గుంతకల్లే!"

చిప్పగిరి బస్సులో ఇరువురకును చోటు దొరకలేదు. ఉల్లిగడ్డల మూటలపై ఆనుకొని నిలుచున్న సిద్ధాంతి, బస్సు ఊరు దాటకముందే, దిండు లేక, దూది లేక, తల ఏ దిక్కుననున్నదో లెక్కింపక, నోరు తెరచి నిద్రపోయెను. గోతులలో బస్సు ఎగిరినప్పుడెల్ల తల కడ్డీకి కొట్టుకొనుచున్నను చలనము లేదు. పిడికిటిలో తాళపుచెవి మాత్రము బిగిసియున్నది. టిక్కెట్టుకై కండక్టరు భుజము తట్టబోగా, మూటల యజమానురాలు చేయి అడ్డుపెట్టెను.

"పండుకోనీ నాయనా. రాత్రంతా రైల్లో యా మూల నిలబడి వచ్చినాడో, పాపం!"