ఇసుక నువ్వు తే: సువాలి సందేశానికి టీకా తాత్పర్యం

మూలం: “ఆదివారం నాలుగింటికి మా బంగ్ల మీద సువాలి. ఓడలు నేను తెస్త, ఇసుక నువ్వు తే. బావకు తొండి చెయ్యొద్దని చెప్పు.”

అవతారిక: సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే మరమగ్గాల మోతలో తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి నేతపని మీద వచ్చి తరాలుగా అక్కడే ఉండిపోయిన పద్మశాలి కుటుంబాలవి. వారిలో నలుగురు మిత్రులు చిన్న క్లబ్బుగా చేరి, పాత యుద్ధాలను బల్ల మీద బుల్లి బొమ్మలతో మళ్లీ ఆడుతుంటారని అనుకుని, వారిలో ఒకరు ఫోన్లో పంపిన మూడు వాక్యాలను వ్యాఖ్యాత మూలంగా తీసుకున్నాడు. మిత్రులు కల్పితం, సువాలి నిజం.

ప్రతిపదార్థం: “ఆదివారం” సుబోధం. “నాలుగింటికి” అంటే అయిదింటికి. “బంగ్ల మీద” అనగానే రాజసౌధం తలపుకు రాకూడదు. తెలంగాణ ఇళ్లలో పై అంతస్తుకు ఆ పేరు. సూరత్‌లో దాని మీద నీళ్ల ట్యాంకు, డిష్ యాంటెన్నా, ఆరేసిన చీరలు ఉంటాయి.

“బంగ్ల మీద సువాలి” అన్నచోట అసలు చిక్కు వస్తుంది. వాక్యంలో క్రియ లేదు. పైగా సువాలి సూరత్‌కు పడమట, హజీరా పక్కనున్న సముద్రతీరం. తీరం మేడ ఎలా ఎక్కుతుంది? పూర్వులకు ఇలాంటి చిక్కు కొత్త కాదు. గంగలో పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకోమని లక్షణకు ఉదాహరణ చెప్పారు. ఇక్కడా లక్షణే: సువాలి అంటే సువాలి యుద్ధం. “ఆడుదాం” అన్న క్రియను అధ్యాహారం చేసుకోవాలి.

ఆ యుద్ధం 1612 నవంబరు చివర జరిగింది. థామస్ బెస్ట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ దగ్గర రెడ్ డ్రాగన్, హోసియాండర్ అని రెండే ఓడలు. ఎదుట పోర్చుగీసువారి నాలుగు గేలియన్లు, వాటి వెంట పాతిక పైచిలుకు తెడ్ల పడవలు. లెక్క చూస్తే ఇంగ్లీషువాళ్లు మునగాలి. మునగలేదు. మరుసటి ఏడాది సూరత్‌లో వాళ్ల వర్తక స్థావరం వెలిసింది. బెస్ట్ ఓడలు ఆ తీరానికి చేరిన 1612 సెప్టెంబరు 5నే భారత నౌకాదళం తన చరిత్రకు మొదటి మెట్టుగా చెప్పుకుంటుంది. తెలుగువారిగా ఒక్క మాట ఇక్కడ దాచుకోనక్కర్లేదు: ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో కొట్టు తెరిచింది 1611లో. సూరత్ మనకన్నా ఏడాదో రెండేళ్లో చిన్నది. ఈ ముక్క ఆటకు పనికిరాదు గానీ, బావ పోర్చుగీసు పక్షాన గెలుస్తున్నప్పుడు మాట మళ్లించడానికి పనికొస్తుంది.

“ఓడలు నేను తెస్త”: ఎంతేసి ఓడలు? ఈ ఆటగాళ్లు ఓడలకు తరచు వాడే కొలతల్లో ఒకటి పన్నెండు వందలకు ఒకటి. ఆ లెక్కన నలభై మీటర్ల ఓడ మూడు సెంటీమీటర్లకు కాస్త పైన తేలుతుంది. కొండపల్లిలో బొమ్మలకు వాడే తెల్లపొణికి లాంటి తేలిక చెక్క దొరికితే చెక్కుకోవచ్చు. వజ్రాలు సానపట్టే ఊళ్లో భూతద్దానికి కరువు లేదు. దీన్ని పిల్లల ఆటని నవ్వేవారికి జాన్ క్లార్క్ గుర్తు రావాలి. నౌకాదళంలో పనిచేయని ఈ స్కాట్లండ్ వర్తకుడు బల్ల మీద చిన్న చెక్క ఓడలను జరిపి జరిపి, 1782లో నౌకాయుద్ధ తంత్రం మీద గ్రంథం అచ్చువేశాడు. 1898లో ఫ్రెడ్ జేన్ నౌకాయుద్ధ ఆట ఒకటి తెచ్చాడు. యుద్ధనౌకల మీద ఇప్పటికీ ప్రామాణికంగా చెప్పుకునే జేన్ వార్షిక గ్రంథం ఆ ఆటకు తోడుగా పుట్టిందే. హెచ్.జి. వెల్స్ 1913లో నేల మీద సీసపు సైనికులతో ఆడే ఆటకు ఏకంగా పుస్తకమే రాశాడు. మన ఇళ్లలో సంక్రాంతికో దసరాకో బొమ్మలకొలువు పెట్టినప్పుడు కింది మెట్టు మీది సిపాయి బొమ్మలు పండగంతా కదలకుండా నిలబడతాయి. వెల్స్ వాటిని కదలమన్నాడు, అంతే తేడా.

“ఇసుక నువ్వు తే”: మూలంలో ప్రాణం ఇక్కడుంది. తొందరపాటు పాఠకుడు దీన్ని అలంకరణ సామగ్రి అనుకుంటాడు. సువాలి దగ్గర ఒడ్డుకు సమాంతరంగా ఒక ఇసుక మెరక ఉండేది, ఆటు వేళ బయటపడేది. మెరకకూ ఒడ్డుకూ నడుమ లోతైన కాలువ. తాపీ నదిలోకి రాలేని పెద్ద ఓడలు అక్కడే లంగరు వేసేవి. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లకు దేశంలోనే పేరు మోసింది కాబట్టి, పొద్దున ఉన్న సముద్రం మధ్యాహ్నానికి ఉండదు. పోరులో పోర్చుగీసు గేలియన్లు మూడు ఇసుకలో దిగబడ్డాయి. పోటు వచ్చాక మళ్లీ తేలాయి. ఆ మధ్య గంటల్లో నాలుగు ఓడలకు ఒకటే మిగిలినట్టు. కనుక ఆ రోజు ఆటగాళ్లు ఇద్దరు కాదు, ముగ్గురు. మూడోవాడు ఇసుక.

బల్ల మీద దీన్నెలా చూపాలి? మెరక ఎక్కడుందో అందరికీ కనిపిస్తే ఎవరూ దిగబడరు. కనిపించకపోతే బావ ఒప్పుకోడు. ప్రష్యా సైన్యం కోసం రైస్విట్జ్ 1824లో రూపొందించిన యుద్ధక్రీడలో దీనికి ఉపాయముంది: నిజమెక్కడుందో మధ్యస్థుడికి మాత్రమే తెలుసు, రెండు పక్షాలూ అతణ్ని అడగాలి. క్లబ్బులో ఆ పదవి ఎవరికీ ఇష్టముండదు, ఎందుకంటే ఓడలు అతని చేతిలో ఉండవు, తిట్లు మాత్రం అతనికే.

ఇసుక తెచ్చినవాడే తర్వాత ఊడవాలా? మూలంలో లేదు.

“తొండి”: ఈ పదం అష్టాచెమ్మా నాటి నుంచీ తెలుగువారి ఆటల ధర్మశాస్త్రం మొత్తాన్ని మోస్తోంది. దాన్ని బావకు ముడిపెట్టడం రసపుష్టి కోసం. బావను అనకపోతే ఇంకెవర్ని అంటారు? అయితే ఇక్కడ తొండి అంటే గవ్వ తిప్పెయ్యడం కాదు, నియమాల పుస్తకానికి అర్థం తిప్పెయ్యడం. “దిగబడిన ఓడ కదలరాదు” అని నియమం. ఫిరంగి పేల్చవచ్చా? కదలరాదన్నారు గాని కాల్చరాదనలేదని బావ. పక్కకు ఒరిగిన ఓడ ఫిరంగి ఆకాశాన్ని చూస్తుందని ఎదుటిపక్షం. ఒరిగిందని ఎక్కడుందని బావ. గంట గడుస్తుంది, ఓడలు అంగుళం కదలవు.

ఈ గంటనే కొత్తవాళ్లు కాలహరణం అనుకుంటారు. వ్యాఖ్యాత ఒప్పుకోడు, తన కులవృత్తి కూడా అదే కనుక. మెదక్ జిల్లా కొల్చారం నుంచి వచ్చిన మల్లినాథ సూరి, కాళిదాసుకు టీక రాస్తూ, మూలంలో లేనిది రాయనని మాట ఇచ్చాడు. బావ సరిగ్గా ఆ ప్రతిజ్ఞ మీదే నిలబడి తొండి చేస్తున్నాడు. ఆ క్లబ్బులో ఆటకన్నా టీకే ఎక్కువ సాగుతుంది, నలుగురూ వచ్చేది దానికే.

తాత్పర్యం: సులభం. ఆదివారం రండి, ఆడుదాం, పోట్లాడుకుందాం. టిఫిన్ ప్రస్తావన లేదు. సూరత్‌లో లోచో దొరుకుతుంది గనుక అది చెప్పకున్నా ఉన్నట్టే.

పాఠాంతరం: ఒక ఫోన్లో “ఓడలు నువ్వు తే, ఇసుక నేను తెస్త” అని ఉంది. కింద ‘ఎడిటెడ్’ అన్న ముద్ర. ఏది ముందుదో తేలలేదు. ఫలితంగా ఆదివారం ఇద్దరు ఓడలు తెచ్చారు, ఇసుక ఎవరూ తేలేదు. మెరక లేకుండా సువాలి ఆడలేరు కాబట్టి ఒకరు కిందికి దిగి వంటింట్లోంచి బొంబాయి రవ్వ డబ్బా పట్టుకొచ్చారు. 1687లో ఈస్టిండియా కంపెనీవాళ్లు సూరత్‌ను వదిలి పెద్ద కొలువును బొంబాయికి మార్చుకున్నారు కదా, 1612 నాటి తీరంలో బొంబాయి రవ్వ కాలదోషం కాదా అని మధ్యస్థుడు ఆక్షేపించాడు. బావ అప్పటికే పోసేశాడు.