నా మీద కోతీ, ఓక్ చెట్టూ

నేను అశోక్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ గోడకున్న ఆకుపచ్చ బోర్డుని. పొద్దున పాలిటీ, మధ్యాహ్నం ఎకానమీ, సాయంత్రం జనరల్ సైన్స్. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పగలంతా చదివి వచ్చిన పిల్లలు సాయంత్రం నా ముందు కూర్చుంటారు. నాకిష్టమైన పూట అదే.

ఓ రోజు బయాలజీ సార్ నా నడుమ నిలువుగీత గీసి, ఎడమవైపు రీసస్ కోతి అనీ, కుడివైపు కార్క్ ఓక్ అనీ రాశారు. భేదాలు చకచకా వచ్చేశాయి. కోతి తిండి వెతుక్కుంటుంది, ఓక్ ఎండతో వండుకుంటుంది. ఓక్ కణానికి సెల్యులోజ్ గోడ ఉంది, కోతి కణానికి లేదు. కోతికి 42 క్రోమోజోములు, ఓక్‌కు 24.

"సార్, రెండింటికీ కలిసేదేమీ లేదా?" అంది వెనక బెంచీ అమ్మాయి.

సార్ డస్టర్ తీసుకుని నడిమి గీత చెరిపేశారు. రెండింటిలోనూ డీఎన్‌ఏ ఉంది, దాన్ని చదివే సంకేత లిపీ ఒకటే, మైటోకాండ్రియాలూ ఉన్నాయన్నారు. తర్వాత పక్కపక్కనే రెండు వలయాలు గీశారు. ఒక్కోదాంట్లో లోపలికి తిరిగిన నాలుగు నైట్రోజన్లు. కోతి నెత్తుటిలోని హీమ్ నడుమ ఇనుము, ఓక్ ఆకులోని పత్రహరితం నడుమ మెగ్నీషియం. "దాదాపు ఒకే అచ్చమ్మా, లోహం మారిందంతే" అన్నారు. నా మీద ఎన్నో బొమ్మలు పడ్డాయి గానీ, ఇంత అందమైనది మరొకటి లేదు.

మనిషికి ఈ కోతీ, ఓక్ చెట్టూ చేసిన మేలు కూడా చెప్పారు. 1665లో రాబర్ట్ హుక్ మైక్రోస్కోపు కింద చూసిన కణాల గదులు ఓక్ బెరడు ముక్కలోవే. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ రీసస్ కోతి నెత్తురుతో చేసిన ప్రయోగాల నుంచే ఆర్‌హెచ్ కారకం బయటపడింది. నారాయణగూడ ఐపీఎం బ్లడ్ బ్యాంకులో గ్రూపు పక్కన రాసే పాజిటివ్, నెగటివ్ అదే.

పరీక్షలో భేదాలడుగుతారు కాబట్టి పిల్లలు భేదాలే బట్టీ పడతారు. పోలికలు తెలియకుండా జీవశాస్త్రం తెలిసినట్టు కాదని నా గట్టి నమ్మకం.

ఇక కోతి చేసిన ఆ మేలు మీకూ పనికొస్తుంది: మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఆర్‌హెచ్ ఏమిటో ఇప్పుడే తెలుసుకోండి. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఆ సంగతి డాక్టరును ముందే అడిగి ఉంచుకోండి.